వాటం

నాలుగేళ్ళు నీళ్ళు గుమ్మం వైపే నడిచాయి.
తూము ఎదురు గోడ మూలన ఉంది.
మగ్గు బోర్లించిన ప్రతిసారీ
నురగ కాసేపు తటపటాయించి
గడప దాటి
నా కుట్టుమిషను కాళ్ళ దాకా వచ్చేది.

రోజూ వైపరుతో వెనక్కి తోశాను.
మా ఆయన స్నానం తర్వాత, పాప తర్వాత, నా తర్వాత.
ఫాలు కుట్టమని ఎవరో ఇచ్చిన సంబల్‌పురి చీర
అంచు తడిసిన రోజున కూడా
ఎవరినీ ఏమీ అనలేదు.
అనాల్సినవాడు సూరత్‌లో ఉన్నాడు.

ఆ నేల మా దండాసి వేసింది.
తొలి పని. పంతొమ్మిదేళ్ళు.
బయటి మేస్త్రి ఎందుకు, మా తమ్ముడున్నాడు కదా అని
పర్లాకిమిడి అంతా చెప్పుకున్నదాన్ని నేనే.
కూలి మాట ఎత్తలేదు.
ఆరు రోజులు అన్నం పెట్టాను, ఒక చొక్కా కుట్టాను.

ఈ ఎండాకాలం వచ్చాడు,
బరంపురంలో రైలు దిగి, బస్సెక్కి.
కాళ్ళు కడుక్కుంటానని లోపలికెళ్ళి
ఎంతకీ బయటికి రాలేదు.
తలుపు వారగా చూశాను:
బకెట్టు నీళ్ళు నేలంతా పోసి
గొంతుక్కూర్చుని చూస్తున్నాడు,
చంటిపిల్ల ఎటు పాకుతుందో అన్నట్టు.

"అప్పా, నీ సుద్దముక్క ఇయ్యి."
జాకెట్ల మీద గీసే నీలం సుద్దతో
నిలిచిన మడుగు చుట్టూ గీత గీశాడు.
నీళ్ళు ఎత్తేశాక అచ్చం
కత్తిరించిన చేతి ముక్కలా ఉంది.
రసమట్టం పెడితే
బుడగ నడిమధ్యలో, కదలకుండా.
"నేలని బల్లలాగ వేసీసినాను.
బల్ల మీద నీరెటెళ్తాది?"
జాలీ మరీ అన్యాయం,
టైలు కంటే రెండు రూపాయి బిళ్ళలంత ఎత్తు.

"నాలుగేళ్ళూ ఏటీ అనలేదేటి?"
నేను పప్పులో ఉప్పు చూడ్డానికి వెళ్ళాను.

మర్నాడు ఉలి.
కుట్టు విప్పడం నాకు తెలిసిన పనే.
కుట్టేటప్పటికంటే విప్పేటప్పుడే
గుడ్డ ఎక్కువ నలుగుతుంది.
వాడు పక్క టైలు చిట్లకుండా
సందుల్లో గ్రౌటు గీకి గీకి
తొమ్మిది లేపాడు.
కింద నల్లబడ్డ ఇసక, నాలుగేళ్ళ తడి వాసన.
తూము గొంతులో గడ్డకట్టిన తెల్ల సిమెంటు.
ఆ రోజు తాపీ కడిగిన నీళ్ళు అక్కడే పోశాట్ట.
ఆ ముక్క అరచేతిలో పెట్టుకుని చూశాడు
ఊడిన పాలపన్ను చూసుకున్నట్టు.

ఇసక జల్లించడానికొచ్చిన సుక్రు గొమాంగొ నవ్వాడు:
"పాణి గొడాణి ఆడకు జాఏ, భాయినా."
గొడాణి వాళ్ళ మాట, వాటం మా మాట.
నీళ్ళకి రెండూ వచ్చు.

గోడల నుంచి జాలీ దాకా దారాలు లాగి
అడుగుకి పావంగుళం చొప్పున దించుకుంటూ వచ్చాడు.
లంగా కుచ్చులన్నీ నడుం దగ్గర కూడినట్టు
నాలుగు వైపులా ఒక్కచోటికి.

మూడు రోజులు చుక్క నీరు పొయ్యొద్దన్నాడు.
పక్కింటి మినతి వాళ్ళింట్లో స్నానాలు,
పాపకి పండగ.
అదే రంగు టైలు బజార్లో లేదు, కంపెనీ మానేసిందట.
గోధుమరంగు నేల మీద ఇప్పుడు
తొమ్మిది ఆకుపచ్చ గళ్ళు,
మోచేతి దగ్గర మాసికలా.

నాలుగో పొద్దున మగ్గు వంచాను.
నీళ్ళు అలవాటు కొద్దీ గుమ్మం వైపు చూసి
వెనక్కి తిరిగాయి.
జాలీ చుట్టూ ఒక్క మెలి.
తర్వాత గుటక.
వీధి అరుగు మీద టీ తాగుతున్న దండాసికి
ఆ చప్పుడు వినపడే ఉంటుంది.
గ్లాసు కింద పెట్టలేదు.

వెళ్ళేరోజు కూలి లెక్కకట్టి ఇచ్చాను,
ఇప్పటివి ఐదు రోజులు, అప్పటివి ఆరు.
వద్దంటాడనుకున్నాను.
వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు.
వంద తగ్గిందన్నాడు.
లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చాను.

స్నానం అవగానే ఇంకా
నా చెయ్యి తలుపు వెనక్కి వెళ్తుంది.
వైపరు రబ్బరు ఎండి వంకర తిరిగింది.
పారెయ్యమ్మా అంటుంది పాప.
పారేస్తాను,
ఈ జాకెట్టు అవనీ.